పాత విద్యుత్పరికరములు నేర్పు పాఠము

యూరపు, అమెరికా, జపాను దేశములలోని పాత ఇంజనీరింగు కళాశాలలు కొన్ని తాము పూర్వము వాడిన విద్యుత్పరికరములను అద్దపు బీరువాలలో భద్రపరచియున్నవి. ఇత్తడి చట్రములు, పట్టుదారము చుట్టిన రాగితీగలు, కఱ్ఱపెట్టెలు, సన్నని సూదులు చూచువారికి కాలము చెల్లిన వస్తువులుగా దోచవచ్చును. కాని కంటికి గనబడని దానిని గొలుచుట యెట్లు అను ప్రశ్నకు ఒక్కొక్కటియు ఒక్కొక్క సమాధానము. వానిలో కొన్నిటిని గూర్చి మా విద్యార్థులకు దెలుప దలచితిమి.

మొదటిది టాంజెంటు గాల్వనామీటరు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు పుయే దీనిని 1837లో వర్ణించెను. ఉత్తర దక్షిణములుగా నిలిపిన గుండ్రని తీగచుట్ట నడుమ చిన్న దిక్సూచి యుండును. తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు చుట్ట యొక్క అయస్కాంతబలము సూదిని ప్రక్కకు లాగును; భూమి యొక్క బలము దానిని ఉత్తరమునకే లాగును. సూది ఈ రెంటి నడుమ నొక కోణమున నిలుచును. ఆ కోణపు టాంజెంటును బట్టి ప్రవాహమును గణింతురు. కోణము 45 డిగ్రీలైనచో రెండు బలములును సమానము. భూమియే యిచ్చట తూనికరాయి! కాని చెంత నొక యినుపముక్క యున్నను లెక్క తప్పును.

కొలత నలక్ష్యము చేసినచో గలుగు నష్టమును 1858వ సంవత్సరము లోకమునకు జూపెను. ఆ యేట అట్లాంటికు మహాసముద్రము క్రింద మొట్టమొదటి తంతితీగ వేయబడెను. గ్లాస్గో ఆచార్యుడగు విలియం తాంసను స్వల్పప్రవాహమును గనిపెట్టుటకై, చిన్న అద్దమునకు అయస్కాంతమును అంటించి పట్టునూలున వ్రేలాడదీసి, దానిపై బడిన దీపకాంతి స్కేలుపై కదలునట్లు గాల్వనామీటరును నిర్మించెను. అయినను కంపెనీ విద్యున్నిపుణుడగు వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టుల బలమును ప్రయోగించెను. అసలే లోపములు గల ఆ తీగ కొన్ని వారములకే మూగవోయెను. 1866లో వేసిన తీగ మాత్రము నిలిచి పనిచేసెను.

తాంసను శిష్యుడగు విలియం ఎయిర్టను 1868లో మన దేశపు తంతిశాఖలో జేరెను. తీగ యెచ్చట చెడినదో తెలియవలెనన్న మనుష్యులు మైళ్లకొలది నడచి వెదకవలసియుండెను. తీగ పొడవునుబట్టి దాని నిరోధము హెచ్చును గనుక, ఆఫీసులోనే నిరోధమును గొలిచి చెడినచోటి దూరమును నిర్ణయింపవచ్చును. ఇట్టి పద్ధతులను ఎయిర్టను, ష్వెండ్లరు అను సహోద్యోగితో గూడి వృద్ధిపరచెను. పిమ్మట 1873లో అతడు టోకియో ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యుడై వెళ్లి, విద్యార్థులు స్వహస్తములతో కొలతలు చేయుటకు ప్రయోగశాల నేర్పరచెను. 1878 మార్చి 25వ తేదీన ఆ కళాశాలలో ఆర్కుదీపము వెలిగెను. లండనుకు మరలిన తరువాత, టోకియోలో తనతో బోధించిన జాన్ పెర్రీతో గలసి, గణితము చేయకయే ప్రవాహమును సూటిగా జూపు అమ్మీటరును నిర్మించెను.

అయితే ఎవరి కుంచముతో వారు గొలిచినచో వర్తకము సాగునా? నిరోధమునకు జర్మనీలో సీమెన్సు పాదరస ప్రమాణమును, ఇంగ్లండులో బ్రిటిషు అసోసియేషను ప్రమాణమును వాడుకలో నుండెను. 1881లో పారిస్ నగరమున గూడిన మహాసభ ఓము, వోల్టు, ఆంపియరు మున్నగు ప్రమాణములను అన్ని దేశములకు నొక్కటిగా నిర్ణయించెను. 1893లో వెస్టను కనిపెట్టిన ఘటము 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో సుమారు 1.0183 వోల్టుల నిచ్చుచు, వోల్టుమీటర్లను సరిచూచుటకు చిరకాలము ఉపయోగపడెను. 2019 మే 20వ తేదీ నుండి ఆంపియరు ఎలక్ట్రాను యొక్క ఆవేశమును బట్టి నిర్వచింపబడుచున్నది.

ఇప్పటి మీటర్లు అంకెలను జూపును గాని, ఆ యంకె యెట్లు వచ్చినదో మూసిన పెట్టెలో దాచును. పాత పరికరమో, తన హృదయమును విప్పి చూపును. అందుచే దానిని పాత యిత్తడి ధరకు అమ్మివేసిన పాఠశాల ఒక ఉపాధ్యాయుని బోగొట్టుకొన్నట్లే.

విద్యార్థులారా! ప్రయోగశాల మూలనున్న దుమ్ముపట్టిన గాల్వనామీటరును హేళన చేయకుడు. ఇందేమి కదలును? దానిని కదలించున దేది? ఆపున దేది? ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడు. వీనికి సమాధానము చెప్పగలవానికి నేటి యే మీటరును మాయపెట్టెగా దోపదు.