ఒకే ఆకాశం, రెండు స్థానాలు: స్పేస్ మాట్రిక్స్‌తో ఒక కంపెనీని చదవడం

ఒక కంపెనీ ఎలా ఉందని అడిగితే మనం ముందు బ్యాలెన్స్ షీట్ తీస్తాం. అది అవసరమే. కానీ అది చెప్పేది గడిచిన మార్చి 31 నాటి సంగతి. ఆ కంపెనీ ఉన్న రంగం ఎటు పోతోంది, పోటీదారుతో పోలిస్తే దాని బలమెంత, బయట నుంచి దెబ్బ తగిలితే ఎన్నాళ్లు నిలబడగలదు అన్న ప్రశ్నలకు అందులో పూర్తి జవాబు దొరకదు. ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్క కాగితం మీదికి తెచ్చే సాధనం స్పేస్ మాట్రిక్స్. ఎంబీఏ చదివే రోజుల్లో దాన్ని పరీక్ష కోసమే నేర్చుకున్నాను. రుణ విభాగంలో కొన్నేళ్లు పనిచేశాక దాని అసలు ఉపయోగం తెలిసింది.

సీఏఐఐబీ రాసే యువ సహోద్యోగులకు, కామర్స్ చదివే మన పిల్లలకు, ఇంటి పొదుపుతో షేర్లు కొనే కుటుంబ సభ్యులకు పనికొస్తుందని ఈ పాఠం రాస్తున్నాను. కూడికలు, తీసివేతలు, సగటు తీయడం వస్తే చాలు.

నాలుగు కొలతలు

అలన్ రో, రిచర్డ్ మేసన్, కార్ల్ డికెల్ అనే ముగ్గురు 1982లో వచ్చిన తమ మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఈ పద్ధతిని వివరించారు. ఇందులో నాలుగు కొలతలు ఉంటాయి. రెండు కంపెనీ లోపలివి, రెండు బయటివి.

మొదటిది ఆర్థిక బలం: అప్పుల భారం, చేతిలో నగదు, లాభం వంటివి. రెండోది పోటీలో ఆధిక్యం: మార్కెట్ వాటా, నాణ్యత, ఖర్చుల అదుపు. మూడోది రంగం బలం: ఆ వ్యాపారం మొత్తంగా పెరుగుతోందా, అందులో లాభం మిగులుతుందా. నాలుగోది పరిసరాల స్థిరత్వం: ముడిసరుకు ధరలు, రూపాయి విలువ, పన్నులు, ధరల పోటీ.

ఆర్థిక బలానికీ, రంగం బలానికీ 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తాం. 7 అంటే చాలా బాగుంది. మిగిలిన రెండింటికీ మైనస్ 1 నుంచి మైనస్ 7 వరకు వేస్తాం. అక్కడ మైనస్ 1 మంచిది, మైనస్ 7 అధ్వానం.

మైనస్ ఎందుకని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. బయటి కుదుపులను తట్టుకోవాల్సింది చేతిలో ఉన్న డబ్బే. అందుకే ఆర్థిక బలాన్నీ, పరిసరాల స్థిరత్వాన్నీ ఒకే నిలువు గీత మీద ఎదురెదురుగా పెట్టారు. అలాగే రంగం ఎంత బాగున్నా పోటీలో వెనకబడితే ఆ లాభం మనకు దక్కదు. అందుకని ఆ రెండూ అడ్డగీత మీద ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాన్ని మరొకటి ఎంత తినేసిందో చూడటమే ఈ లెక్క.

రెండు గీతలు కలిస్తే నాలుగు గదులు ఏర్పడతాయి. కుడివైపు పైగది దూకుడు స్థానం: విస్తరించవచ్చు. ఎడమవైపు పైగది ఆచితూచి నడిచే స్థానం: డబ్బుంది, వ్యాపారంలో ఊపు లేదు. ఎడమవైపు కిందిగది రక్షణ స్థానం: ఖర్చులు తగ్గించుకోవాలి, కొన్ని వ్యాపారాలు వదులుకోవాలి. కుడివైపు కిందిగది పోటీ స్థానం: వ్యాపారం ఆకర్షణీయంగానే ఉంది, దాన్ని నడిపే డబ్బే చాలదు. మూలధనం తెచ్చుకోవాలి, లేదా డబ్బున్న సంస్థతో చేయి కలపాలి.

2018 చివరి జెట్ ఎయిర్‌వేస్

ఇప్పుడు మనందరికీ తెలిసిన కథ తీసుకుందాం. జెట్ ఎయిర్‌వేస్ 1993 మేలో ఎగరడం మొదలుపెట్టింది. మర్యాదకూ, భోజనానికీ పేరు తెచ్చుకుంది. 2005లో ఒక్కో షేరు రూ.1,100 చొప్పున పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 2007లో రూ.1,450 కోట్లకు ఎయిర్ సహారాను కొన్నది. 2013లో ఎతిహాద్ సంస్థ 24 శాతం వాటా తీసుకునేందుకు ఒప్పందం చేసుకుంది.

2018లో మన దేశీయ విమాన ప్రయాణికుల సంఖ్య 18.6 శాతం పెరిగి 13.89 కోట్లకు చేరింది. అంత పెరుగుదల ఉన్న రంగం అరుదు. కానీ అదే ఏడాది ముడిచమురు బ్యారెల్ 86 డాలర్లు తాకింది. డాలరు రూ.64 దగ్గర నుంచి రూ.74 దాకా వెళ్లింది. విమాన ఇంధనం జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రాల పన్ను అదనం. టికెట్ ధర పెంచుదామంటే పోటీ ఒప్పుకోదు.

నా అంచనా ప్రకారం మార్కులు ఇవి.

ఆర్థిక బలం: అప్పుల భారం 1, నగదు 1, లాభం 2, రోజువారీ చెల్లింపుల సామర్థ్యం 1. సగటు 1.25. 2017-18లో కంపెనీ నష్టం రూ.767 కోట్లు.

పోటీలో ఆధిక్యం: మార్కెట్ వాటా మైనస్ 4, సేవల నాణ్యత మైనస్ 2, ఖర్చుల అదుపు మైనస్ 6, పెద్ద విమానాశ్రయాల్లో స్లాట్లు మైనస్ 2. సగటు మైనస్ 3.5. బోయింగ్ 737, 777, ఎయిర్‌బస్ ఎ330, ఏటీఆర్ ఇన్ని రకాల విమానాలు నడపడం వల్ల పైలట్ల శిక్షణ, విడిభాగాలు, మరమ్మతులు అన్నిటికీ ఖర్చు పెరుగుతుంది.

రంగం బలం: పెరుగుదల 7, లాభానికి అవకాశం 2, కొత్తవారు రావడానికి ఉన్న అడ్డంకులు 4, సీట్లు నిండటం 5. సగటు 4.5.

పరిసరాల స్థిరత్వం: ఇంధనం మైనస్ 7, రూపాయి మైనస్ 6, ధరల పోటీ మైనస్ 6, పన్నులు మైనస్ 5. సగటు మైనస్ 6.

అడ్డగీత మీద 4.5లో 3.5 పోగా ప్లస్ 1. నిలువు గీత మీద 1.25లో 6 పోగా మైనస్ 4.75. అంటే పోటీ గదిలో, అదీ అట్టడుగున. మూలధనం కావాలి, అదీ వెంటనే.

అదే ఆకాశంలో ఇండిగో

రంగం బలం, పరిసరాల స్థిరత్వం ఇండిగోకూ అవే. మారేది లోపలి మార్కులే. ఇండిగో 2006లో మొదలై, చాలా ఏళ్లు ఒక్క ఎయిర్‌బస్ ఎ320 తరగతి విమానాలనే నడిపింది. 2018 నాటికి దేశీయ మార్కెట్‌లో 40 శాతం దాటింది. 2017-18లో లాభం రూ.2,242 కోట్లు. ఆర్థిక బలానికి 5.75, పోటీ ఆధిక్యానికి మైనస్ 1.75 వేశాను. అడ్డగీత మీద ప్లస్ 2.75, నిలువు గీత మీద మైనస్ 0.25 వచ్చింది.

గమనించండి, అంత బలమైన కంపెనీ కూడా దూకుడు గదిలోకి వెళ్లలేదు, గీతకు కాస్త కిందే ఆగింది. 2018 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఇండిగోకు రూ.652 కోట్ల నష్టం వచ్చింది. స్టాక్ మార్కెట్‌లో నమోదయ్యాక అదే దాని మొదటి త్రైమాసిక నష్టం. గాలివాన ఇద్దరికీ ఒకటే. ఒకరి దగ్గర తట్టుకునే నిల్వ ఉంది, మరొకరి దగ్గర లేదు.

జెట్ కథ ముగింపు మనకు తెలిసిందే. 2019 ఏప్రిల్ 17న అత్యవసర నిధులు అందక సర్వీసులు ఆగిపోయాయి. వేలాది కుటుంబాల జీతం ఆగింది. బ్యాంకులకు రావాల్సింది రూ.8,000 కోట్లకు పైమాటే. అదే ఏడాది జూన్‌లో కేసు దివాలా ప్రక్రియకు వెళ్లింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. దివాలా చట్టం ప్రకారం లిక్విడేషన్‌లో డబ్బు పంచేటప్పుడు సాధారణ షేర్‌హోల్డర్లు వరుసలో చివరన ఉంటారు. సేవ బాగుందని షేరు దాచుకున్నవారికి ఈ వరుస ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. మంచి సేవ అడ్డగీత మీది మాట, అప్పు తీర్చే శక్తి నిలువు గీత మీది మాట. మొదటిది చూసి రెండోదీ ఉందనుకోకూడదు.

ఈ సాధనానికి ఉన్న పరిమితులు

పై మార్కులు ఫలితం తెలిశాక వేసినవి. ముందుగా వేసేవారికి ఇంత సులభం కాదు. మార్కులు మనిషి అభిప్రాయం కాబట్టి మనసుకు నచ్చిన కంపెనీకి తెలియకుండానే ఒకటి ఎక్కువ వేస్తాం. అందుకే మూడు జాగ్రత్తలు సూచిస్తాను.

ఒకటి, ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి తర్వాత పోల్చుకోవాలి. రెండు మార్కులకు మించి తేడా ఉన్నచోట ఆగి, ఎందుకో మాట్లాడుకోవాలి. అసలు విషయం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

రెండు, సగటును గుడ్డిగా నమ్మకూడదు. లాభానికి 6, ఆస్తులకు 6, ఆదాయానికి 6 వేసి, నగదుకు 1 వేసినా సగటు 4.75 వస్తుంది. చూడటానికి బాగుంటుంది. కానీ జీతాల రోజు ఖాతాలో డబ్బు లేకపోతే ఆ సగటు ఎవరినీ ఆదుకోదు. ఎక్కడ 1 కనబడినా దాన్ని విడిగా రాసుకోండి.

మూడు, ఒక్క ఏడాది బొమ్మతో నిర్ణయం తీసుకోకూడదు. మూడేళ్ల మార్కులు వేసి, మూడు చుక్కలను గీతతో కలపండి. చుక్క ఎక్కడుందన్నది ఒక సమాచారం, ఎటు కదులుతోందన్నది అంతకన్నా విలువైన సమాచారం.

సెలవు రోజున మీ ఇంట్లో వాడే ఏదైనా ఒక కంపెనీని తీసుకోండి. దాని వార్షిక నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. మీరొక కాగితం మీద, కాలేజీలో చదివే మీ అబ్బాయో అమ్మాయో మరో కాగితం మీద మార్కులు వేయండి. ప్రతి మార్కు పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయండి. కారణం రాయలేని మార్కు ఏదైనా ఉంటే దాన్ని కొట్టేసి, నివేదికలో ఆ అంశం మళ్లీ వెతకండి.