పాలకుర్తి, బమ్మెర
జనగామ జిల్లాలో పాలకుర్తి, బమ్మెర ఒకే మండలమునందలి గ్రామములు. మొదటిది బసవపురాణకర్త సోమనాథునిది, రెండవది పోతనది.

సోమనాథుని కథలు జైనులపట్ల కఠినములు. ఈ మాట దాచనక్కరలేదు. అది ఆనాటి వాదముల వేడి. అయినను వేటగాడు కన్నప్పకు, మాదార చెన్నయ్యకు పెద్దపీట వేసినదియు ఆ పురాణమే. పోతన శైవకుటుంబమున బుట్టియు విష్ణుకథను తెనిగించెను. శివపూజను విడనాడుమని చెప్పలేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 25వ అధికరణము అంతఃకరణ స్వేచ్ఛను, స్వమతాచరణ ప్రచారములను అందరికిని సమానముగా నొసగినది. ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యములకు లోబడి మాత్రమే. మహబూబాబాదు జిల్లా కురవి వీరభద్రుని, భూపాలపల్లి జిల్లా కాళేశ్వర ముక్తీశ్వరుని సేవించువారికెంత హక్కో, ఇష్టలింగము ధరింపని పొరుగువారికిని అంతయే. మఠములందు పురాణపఠనమున జైనకథ వచ్చిననాడు, బాలురకు ఈ అధికరణమును గూడ చదివి వినిపింపవచ్చును.