పాత పేపర్లలో మన పోలీస్ జట్టు

ఫుట్‌బాల్ క్లబ్ అంటే మనకు టీవీలో చూసే మాంచెస్టర్ యునైటెడే గుర్తుకొస్తుంది. కానీ 1950 నుండి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా 5 సార్లు గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను కూడా ఓడించింది.

పాత పేపర్లలో ఈ చరిత్ర వెతికేవారికి ఒక చిక్కు వస్తుంది. 1961లో డ్యూరాండ్ గెలిచిన జట్టు పేరు ఆంధ్రా పోలీస్ అని ఉంటుంది. అది వేరే జట్టు కాదు. 1956లో రాష్ట్రం మారింది, ఆ తర్వాత జట్టు పేరూ మారింది. ఇది తెలియకపోతే పాత జట్టు మాయమైపోయిందనుకుంటాం.

ఇంకో సంగతి. మ్యాచ్ వార్తలో గోల్ కొట్టినవారి పేరు వెంటనే దొరుకుతుంది, ఆట నేర్పినవారి పేరు వెతుక్కోవాలి. ఈ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తికాళ్లతో ఆడారు, మనం సింగరేణి గ్రౌండ్లో ఆడినట్టే! యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. అదే కోచ్ 1956 మెల్‌బోర్న్‌లో జట్టును 4వ స్థానానికి తెచ్చాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం వచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయారు.

2024లో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మన హాస్టల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు.