ఉప్పు రోడ్లు, కారు అడుగు

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటున్నాం. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కారు అడుగు తుప్పు పడుతోంది. ఆయిల్ కోటింగ్ మంచిదా, రబ్బరు కోటింగా?

జవాబు: ఆయిలే కొట్టించండి. రబ్బరు పూత నల్లగా, గట్టిగా బాగానే కనబడుతుంది. ఓచోట పగిలిందా, ఉప్పునీరు లోపల చేరి పైకి తెలియకుండా రేకుని తినేస్తుంది. లానోలిన్, అంటే గొర్రె ఉన్ని జిడ్డు, కలిసిన ఆయిల్ అతుకుల్లోకి పాకుతుంది, ఎండి పగలదు. కాకపోతే మెల్లగా కడుక్కుపోతుంది. అందుకే ఏటా అక్టోబరులో, ఉప్పు చల్లకముందే, మళ్ళీ కొట్టించాలి. ముందు అడుగు కడిగించి, బాగా ఆరనిచ్చి, పెచ్చులు లేచిన తుప్పుని వైరు బ్రష్‌తో గీకించండి. బ్రేకు డిస్కుల మీద చుక్క పడకూడదు. తలుపుల కింద నీళ్ళు పోయే చిల్లులూ మూసుకుపోకూడదు. కొన్నాళ్ళు ఆయిల్ కారుతుంది, గరాజులో అట్టముక్క పరవండి. వాసన మాత్రం భరించాల్సిందే!