ధ్రువుని కన్నీరు – తండ్రి బాధ్యత

ఓరుగల్లు సీమలోని బమ్మెర గ్రామము పోతనామాత్యుని పేరుతో ముడివడిన పుణ్యస్థలము. పూర్వము వరంగల్లు జిల్లాకు చెందిన ఆ గ్రామము ఇప్పుడు 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో ఉన్నది. ఆ మహాకవి 15వ శతాబ్దమున తెనిగించిన భాగవతములో, చతుర్థ స్కంధమునందలి ధ్రువోపాఖ్యానమును భక్తులు నిత్యము పఠించుచున్నారు. అది తండ్రులకును గొప్ప పాఠము.

ఉత్తానపాద మహారాజు సురుచి కుమారుడైన ఉత్తముని తొడపై నుంచుకొని లాలించుచుండెను. ఐదేండ్ల ధ్రువుడు తానును తండ్రి తొడ నెక్కగోరెను. రాజు ఆదరింపలేదు. సురుచి పరుషముగా పలికినను వారింపలేదు. బాలుడు ఏడ్చుచు తల్లి కడకు పోయెను. ఉత్తానపాదుడు కుమారుని కొట్టలేదు, తిట్టలేదు. ఆయన దోషమెల్ల మౌనమే.

సునీతి బిడ్డతోపాటు తానును దుఃఖించెను. అయినను పరులకు కీడు తలపవద్దని చెప్పి, శ్రీహరిని ఆశ్రయింపుమని బోధించెను. పసివానికి మానావమానము లెక్కడివని నారదుడు మొదట అనునయించెను. ధ్రువుడు తన హృదయమున నాటిన బాధను దాచక విన్నవించెను. దేవర్షి దానిని విని, అటుపిమ్మటనే మంత్రోపదేశము చేసెను. ముందు బాధను వినవలెను, పిదప దారి చూపవలెను. ఇదియే ఇందలి క్రమము.

తన భావములను, ఇతరుల భావములను గుర్తెరిగి వివేకముతో నడచుకొను శక్తికి పీటర్ సలోవే, జాన్ మేయర్ అను శాస్త్రజ్ఞులు 1990లో భావోద్వేగ ప్రజ్ఞ యను అర్థము వచ్చు పేరు వాడిరి. బిడ్డ దుఃఖమును, కోపమును గుర్తించి, వానికి మాటలు నేర్పు తలిదండ్రుల పిల్లలు తమ్ము తాము శాంతపరచుకొనుటలో మెరుగుగా నుందురని జాన్ గాట్‌మన్ 1990 దశకములో జరిపిన పరిశోధనలు సూచించినవి. ఇందు తండ్రి పాత్ర ప్రత్యేకమైనదని ఆయన నొక్కిచెప్పెను.

ఇంట రెండవ బిడ్డ పుట్టినపుడు పెద్దబిడ్డ తండ్రి మోకాలిని పట్టుకొని వేలాడుట సహజము. "మగపిల్లవాడు ఏడ్వరాదు" అని కసరుట సులభము. "నీకు కష్టము కలిగినది కదా, ఏమి జరిగినది?" అని దగ్గరకు తీసికొనుట ధర్మము. కోపమును వినవలెను, చెల్లెలిని కొట్టుట మాత్రము తగదని మృదువుగా, స్థిరముగా చెప్పవలెను.

ఉత్తానపాదుడు పశ్చాత్తప్తుడై, తిరిగివచ్చిన కుమారునికి ఎదురేగి, కౌగిలించి, కన్నీట తడిపెను. పొరబడిన తండ్రికి దారి మూసికొనిపోలేదు. కాని ఆ కౌగిలికై ధ్రువుడు అడవికి పోయి తపస్సు చేయవలసివచ్చెను. గృహస్థు తన బిడ్డను అంతకాలము నిరీక్షింపజేయ నక్కరలేదు. నేటి సాయంకాలమే తొడపై కూర్చుండబెట్టుకొనవచ్చును.