వెదురు గొట్టముల ఆర్గను

పాఠ్యభాగము: కీర్తన 150, యెషయా 42:1–4

ఫిలిప్పీను దేశములో మనీలాకు దక్షిణమున లాస్ పిన్యాస్ అను ఊరి దేవాలయములో ఒక ఆర్గను కలదు. దియేగో సెరా అను స్పెయిను దేశపు కతోలిక గురువు 1816లో దాని పని ఆరంభించి 1824లో ముగించెను. దాని 1,031 గొట్టములలో 902 వెదురువి. పురుగు పట్టకుండ ఆ వెదుళ్లను సముద్రతీరపు ఇసుకలో బహుదినములు పూడ్చియుంచెను.

తరువాత భూకంపములును తుపానులును దానిని పాడుచేసెను. అనేక సంవత్సరములు అది సరిగా పలుకలేదు. అయినను మిగిలిన గొట్టములను పారవేయక భద్రపరచిరి. 1973లో జర్మనీలోని బాన్ పట్టణమునకు పంపగా, బాగుపడి 1975లో తిరిగివచ్చెను. నేటికిని మ్రోగుచున్నది.

గమనించుడి:

1. వెదురు తనంతట పాడదు, తిత్తిగాలి చొరవలెను. మన హార్మోనియమునకును అంతే. 150వ కీర్తన వాద్యములను చెప్పి ఊపిరి మాటతో ముగియుట తలంచుడి. దేవుని ఊపిరి లేని భక్తి ఒట్టి బొంగు.

2. అది పాడకముందు పూడ్చబడెను. శ్రమలోనున్న విశ్వాసి ధైర్యము తెచ్చుకొనవలెను.

3. నలిగిన రెల్లును మన ప్రభువు విరువడు. మరి ఏండ్ల తరబడి ప్రభురాత్రి భోజనమునకు రాని సహోదరుని మనము వంటచెరకుగా ఎంచుచున్నామా, భద్రపరచుచున్నామా? వచ్చు ఆదివారమునకు ముందే అట్టి ఒక యింటికి వెళ్లి పలుకరించుడి.