స్టాటిన్ మాత్ర వేసుకునేవారు వ్యాయామం ఎలా చేయాలి?

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారికి డాక్టర్లు సాధారణంగా రెండు సలహాలు ఇస్తారు. రోజుకొక స్టాటిన్ మాత్ర, రోజూ అరగంట నడక. మనలో నలభై, యాభై దాటినవారి ఇళ్లలో ఈ రెండూ ఇప్పుడు మామూలైపోయాయి. అయితే రెండూ ఒకేసారి మొదలుపెట్టినప్పుడు ఒక చిక్కు వస్తుంది. వారం తిరగకుండానే తొడలు, పిక్కలు పట్టేస్తాయి. మాత్ర పడలేదని ఒకరు మాత్ర ఆపేస్తారు. నడక పడలేదని మరొకరు నడక మానేస్తారు. కొందరు రెండింటికీ స్వస్తి చెబుతారు. నొప్పి తగ్గవచ్చు గానీ, గుండెకు ఉన్న రక్షణ కూడా దానితోపాటే పోతుంది. ఆ నష్టం జరగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాత్ర చేసే పని

మన కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ తయారు చేసుకుంటుంది. ఆ తయారీకి అవసరమైన ఒక ఎంజైమును స్టాటిన్ అడ్డుకుంటుంది. అప్పుడు కాలేయం తన అవసరానికి రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, ఎక్కువగా లాక్కుంటుంది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక బూజు నుంచి ఈ రకం పదార్థాన్ని మొదట కనుగొన్నారు. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో అనుమతి పొందింది. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్.

1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది గుండె రోగులను అయిదేళ్లకు పైగా పరిశీలించారు. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఈ మాత్రను తేలికగా వదులుకోకూడదనడానికి ఇదే కారణం.

నొప్పులన్నీ మాత్రవేనా?

దుష్ఫలితాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందితో లండన్‌లో ఒక పరీక్ష చేశారు. ఏడాదిపాటు కొన్ని నెలలు నిజమైన మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. 2020లో ఫలితాలు వచ్చాయి. నిజమైన మాత్రతో కలిగిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది. వారిలో సగంమంది తర్వాత మళ్లీ స్టాటిన్ వాడటం మొదలుపెట్టారు. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, కారణం మాత్రం చాలాసార్లు వేరే ఉంటుంది. మందు వల్లే నొప్పి వచ్చేవారు కొందరు నిజంగానే ఉన్నారు. వారికీ దారులున్నాయి, ముందు చెబుతాం.

నడక సంగతి కూడా చూద్దాం. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఏటా నాలుగు రోజుల పాదయాత్ర జరుగుతుంది. అందులో రోజుకు 30 నుంచి 50 కిలోమీటర్లు నడిచినవారిని పరిశోధకులు పరీక్షించారు. స్టాటిన్ వాడేవారి కండరాలు వాడనివారి కండరాల కన్నా ఎక్కువ దెబ్బతినలేదని 2023లో ప్రకటించారు. మారథాన్ వంటి తీవ్రమైన పరుగు వేరు. బోస్టన్ మారథాన్ పరుగెత్తినవారిలో స్టాటిన్ వాడేవారి రక్తంలో కండరాల గాయాన్ని సూచించే సీకే అనే ఎంజైము ఇతరుల కన్నా ఎక్కువ పెరిగింది. అంటే నడకకు భయపడనక్కరలేదు. అలవాటు లేని భారీ శ్రమను ఒక్కసారిగా మీద వేసుకోకూడదు.

ఎలా మొదలుపెట్టాలి?

గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, నడిస్తే ఛాతీలో నొప్పి వచ్చేవారు ముందుగా డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మిగిలినవారు ఈ పద్ధతి పాటించవచ్చు.

• మాత్ర కొత్తగా మొదలైనా, మోతాదు పెరిగినా, మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు అలవాటైన నడకనే కొనసాగించండి. కొత్త జిమ్, కొత్త బరువులు ఆ తర్వాత చూసుకోవచ్చు. అలా చేస్తే నొప్పి వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.

• అలవాటు లేనివారు పది నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి. వారానికి కనీసం 150 నిమిషాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. ఫజర్ నమాజు తర్వాతి చల్లని వేళ దీనికి బాగా అనువైనది.

• వారంలో రెండు రోజులు కండరాల బలం కోసం కేటాయించండి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం చాలు. మధ్యలో ఒక రోజు విరామం ఇవ్వండి.

• మెట్లు దిగడం, గుట్ట దిగడం, గుంజీలు తీయడం కండరాలను ఎక్కువగా నొప్పిస్తాయి. వీటిని నెమ్మదిగా పెంచండి.

• ఎండలో, జ్వరంలో, విరేచనాలప్పుడు వ్యాయామం వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు శ్రమ చేస్తే కండరాలకూ కిడ్నీలకూ ప్రమాదం.

• రంజాన్‌లో భారీ వ్యాయామం పగటిపూట వద్దు. ఇఫ్తార్ తర్వాత కొంతసేపు ఆగి తేలికగా నడవండి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజులో ఏ వేళకైనా వేసుకోదగినవి. అందువల్ల మాత్రను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకుంటే రోజాకు అడ్డురాదు.

ఏది మామూలు నొప్పి?

కొత్త వ్యాయామం చేసిన మర్నాడు, పనిచేసిన కండరంలోనే నొప్పి వచ్చి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది మామూలు నొప్పి. మాత్ర ఆపకండి. వ్యాయామం కొంచెం తగ్గించి మళ్లీ పెంచండి.

మాత్ర మొదలైన లేదా మోతాదు పెరిగిన కొద్ది వారాల్లో, ప్రత్యేకంగా శ్రమ చేయకున్నా రెండు తొడలూ లేక రెండు పిక్కలూ ఒకేలా నొప్పిపెట్టి, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే మందును అనుమానించాలి. ఆ వారంలోనే డాక్టరును కలవండి.

నొప్పి భరించలేనంతగా ఉండి, కుర్చీలోంచి లేవలేనంత నీరసం వచ్చి, మూత్రం చిక్కటి టీ రంగులోకి మారితే అది అత్యవసరం. మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం కరిగి కిడ్నీలను దెబ్బతీసే ఈ స్థితి వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువమందికే వస్తుంది. కానీ ఆలస్యం పనికిరాదు. అలాగే నడకలో ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినా, చెమటలు పట్టినా వెంటనే ఆగి 108కి ఫోన్ చేయించండి.

డాక్టరుకు చెప్పవలసినవి

సీకే పరీక్షకు రెండు మూడు రోజుల ముందునుంచి గట్టి వ్యాయామం మానండి. మాత్ర వాడనివారికీ వ్యాయామం తర్వాత అది పెరుగుతుంది. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం కూడా కండరాల నొప్పికి కారణం కావచ్చు, వాటి పరీక్ష గురించి అడగండి. వాడుతున్న మందులన్నీ చెప్పండి. తామరకు వాడే ఇట్రాకొనజోల్, గొంతు ఇన్ఫెక్షన్లకు వాడే క్లారిత్రోమైసిన్ కొన్ని స్టాటిన్ల మోతాదును రక్తంలో పెంచుతాయి. హకీము గారు ఇచ్చిన మందునూ దాచకండి.

మందు నిజంగా పడకపోతే మోతాదు తగ్గించడం, మరో స్టాటిన్‌కు మారడం, ఎజెటిమైబ్ వంటి వేరే మందు ఇవ్వడం డాక్టరు చేతిలో ఉన్న మార్గాలు. ముఖ్యంగా గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ ఉన్నవారు సొంతంగా ఆపవద్దు.

అమెరికాలో 10,043 మంది మాజీ సైనికులపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. స్టాటిన్ వాడుతూ, శరీర దారుఢ్యం కూడా కాపాడుకున్నవారిలో మరణాలు అందరికన్నా తక్కువ. కాబట్టి ఈసారి కాళ్లు నొప్పిపెడితే, ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎన్ని రోజులు ఉంది అని ఒక కాగితంమీద రాసుకుని డాక్టరుకు చూపించండి. అంతవరకు మామూలు నొప్పే అయితే మాత్రనూ నడకనూ రెండింటినీ కొనసాగించండి.